మూత పెట్టి ఇచ్చిన నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది మా నాయనమ్మ అనుమానం. ఆ తర్వాతే నాయనమ్మ లేచేది. పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే ఒక చుక్క గోటి మీద వేసుకుని, అది జారిపోతుందా నిలబడుతుందా అని చూసేది. కూరలబ్బాయి తూచి ఇచ్చిన వంకాయలను మళ్ళీ తన అరచేతిలో పెట్టుకుని బరువు చూసేది. కందిపప్పు రంగు, చింతపండులో గింజలు, కిరాణా కొట్టు షావుకారు నవ్వు, దేన్నీ ఊరికే వదిలేది కాదు. ఆ బుద్ధి మా నాన్నకు రాలేదు, నాకు వచ్చింది. ఇప్పుడు మా కోడలు నన్ను చూసి, "మీరు పోలీసు ఉద్యోగం చెయ్యాల్సింది అత్తయ్యా" అంటుంది. నేను కాదనను.

అప్పట్లో మేం చిక్కడపల్లిలో ఒక పెద్ద ఇంట్లో వెనకవైపు రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. మా నాన్నకు సర్కారు ఆఫీసులో ఉద్యోగం రావడంతో కోస్తా నుంచి ఇక్కడికి వచ్చేశాం. ఇంటి ఓనరమ్మ వాళ్ళది తరతరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం. ముందువైపు వాళ్ళ వరండా, దాని ముందు బండలు పరిచిన వాకిలి. వీధిలో ఆడవాళ్ళకు ఏ పని పడ్డా అందరూ చేరేది ఆ వాకిట్లోనే. మేం జంతికలు అనేవాటిని వాళ్ళు మురుకులు అనేవాళ్ళు. కొన్నాళ్ళకు మేమూ మురుకులే అనడం మొదలుపెట్టాం.

మా వీధిలో ఆడవాళ్ళకు ఒక సంఘం ఉండేది. దాన్ని నడిపించేది ఎదురింటి ఆఫీసరు గారి భార్య. ఆవిడ మాట నెమ్మది, చీర మడత నలగదు. ఆ ఏడాది అంబర్‌పేట్‌లో తల్లిదండ్రులు లేని పిల్లల హాస్టల్ ఒకటి ఉందని, చలికాలం వచ్చేస్తోందని, అక్కడి పిల్లలకు దుప్పట్లు కొనివ్వాలని ఆవిడే అంది. దసరా వెళ్ళిపోయింది, దీపావళి ఇంకా రాలేదు. ఆ మధ్య రోజుల్లో మురుకులు చేయించి పొట్లాలు కట్టి అమ్మితే దుప్పట్లు వస్తాయి, ఒక బుట్టెడు మురుకులు హాస్టల్ పిల్లలకూ పంపొచ్చు అని అందరూ ఒప్పుకున్నారు.

పిండి కొందరు, నువ్వులూ వామూ కొందరు ఇచ్చారు. నూనె మాత్రం ప్రతి ఇంటి నుంచీ ఒక గిన్నెడు రావాలి. ఇక్కడ ఆఫీసరు గారి భార్య ఒక నియమం పెట్టింది. ఇచ్చేది ఏదైనా మూత పెట్టి ఇవ్వాలి, ఎవరు ఎంత ఇచ్చారని ఎవరూ మూత తీసి చూడకూడదు. వీధిలో గుమాస్తాల ఇళ్ళూ ఉన్నాయి, పెద్ద జీతాల ఇళ్ళూ ఉన్నాయి. తక్కువ ఇచ్చినవాళ్ళు నలుగురిలో చిన్నబోకూడదని ఆవిడ ఉద్దేశం. మంచి ఉద్దేశమే, ఇప్పటికీ నేను దాన్ని తప్పు పట్టను.

మా ఇంటి వంతు ఇత్తడి గిన్నె నేనే మోసుకెళ్ళాను. "మూత తియ్యకు, ఒలికిపోతుంది" అంది నాయనమ్మ. తియ్యాలని నాకూ అనిపించలేదు. నూనెలో చూడ్డానికి ఏముంటుందనుకున్నాను.

మురుకులు వెయ్యడానికి వచ్చింది రాంనగర్ అక్క. రాంనగర్ నుంచి నడిచి వచ్చేది కాబట్టి అందరూ ఆమెను అలాగే అనేవాళ్ళు. భర్త పోయాక ఒక్క కూతురితో చిన్న గదిలో ఉండేది. పండగ రోజుల్లో మా వీధిలో పిండివంటలన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. దీపావళికి నాలుగిళ్ళు పిలిస్తేనే ఆ పిల్ల చదువు సాగుతుందని, లేకపోతే దాన్ని కూడా ఎవరింట్లోనో పనిలో పెట్టాల్సి వస్తుందని ఓనరమ్మ మా అమ్మతో అంటుంటే నేను విన్నాను.

ఆ రోజు రాంనగర్ అక్క ఒక్కొక్క గిన్నె మూత తీసి నూనెను పెద్ద డబ్బాలోకి వంపడం పిల్లలం చుట్టూ చేరి చూశాం. ప్రతి గిన్నెలోకీ ఒకసారి చూసేది, తల ఎత్తి వరండాలో కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూసేది, ఏమీ అనకుండా వంపేసేది. పొయ్యి మీద మూకుడు వేడెక్కాక మొదటి వాయి వేసింది. నూనె నురగలు నురగలుగా పైకి పొంగింది. పొగకు మా కళ్ళు మండాయి. మురుకులు బంగారు రంగులో తేలాల్సింది పోయి ఇటుక రంగులో తేలాయి. వాము ఎక్కువైందేమో అని ఎవరో అన్నారు.

పొట్లాలు మాత్రం చూస్తుండగానే అమ్ముడుపోయాయి. పెద్ద పిల్లలు బుట్టల్లో పెట్టుకుని మా వీధిలోనూ, నారాయణగూడ వైపూ ఇల్లిల్లూ తిరిగారు. దిక్కులేని పిల్లల దుప్పట్ల కోసం అని చెప్పగానే ఎవరూ బేరం ఆడలేదు, పొట్లం విప్పి చూడలేదు. పుణ్యం అనే మాట చెవిన పడగానే మనుషుల ముక్కు పనిచెయ్యడం మానేస్తుంది. అది అప్పుడే నాకు అర్థమైందని చెప్పను, తర్వాత తర్వాత అర్థమైంది.

మర్నాటికి మాటలు మొదలయ్యాయి. నారాయణగూడలో ఒకరింట్లో పిల్లలు ఒకటే దగ్గారట. ఇంకొకరింట్లో పిల్లవాడికి రాత్రంతా వాంతులట. ఒకావిడ సగం తిన్న పొట్లం పట్టుకొచ్చి, "అనాథ పిల్లల పేరు చెప్పి ఏందమ్మా గిది, నోట్ల పెడితే గొంతు మండుతున్నది" అని ఓనరమ్మ వాకిట్లో పెట్టి వెళ్ళిపోయింది. హాస్టల్‌కు పంపాల్సిన వెదురు బుట్ట అప్పటికింకా వరండాలోనే, తెల్లగుడ్డ కప్పి ఉంది.

ఆ సాయంత్రం అందరూ వాకిట్లో చేరారు. అనుమానం వెళ్ళి వాలడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిన్న పని అయ్యాక రాంనగర్ అక్క కొంగు చాటున ఒక డబ్బా పట్టుకుని అశోక్‌నగర్ వైపు వెళ్తుంటే తాను చూశానని ఆఫీసరు గారి భార్య అంది. మనం ఇచ్చిన మంచి నూనె ఇంటికి పట్టుకెళ్ళి, ఏదో పాడు నూనె పోసి వేయించి ఉంటుందని ఇంకొకావిడ అంది. "గట్ల చెయ్యదు ఆమె, మా ఇంట్ల ఎన్నేండ్ల సంది చేస్తున్నది" అని ఓనరమ్మ ఒక్కతే అడ్డుపడింది.

రాంనగర్ అక్కను పిలిపించి అడిగారు. ఆమె వాకిట్లో నిలబడి, తాను పట్టుకెళ్ళింది పెద్ద డబ్బా అడుగున పేరుకున్న మడ్డి అని, వీధి మోరీలో పోస్తే తిడతారని అశోక్‌నగర్ పక్కన పారే నాలాలో పారబోసి వచ్చానని చెప్పింది.

"కొత్త నూనెకు అంత మడ్డి ఎక్కడిది?" అని అడిగింది ఆఫీసరు గారి భార్య.

రాంనగర్ అక్క ఏదో నసిగి, కొంగు సర్దుకుంది. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నేల చూపులు చూస్తున్నారు. నాకప్పుడు అది ఆమెను చూసి జాలిపడడంలా కనిపించింది. దీపావళికి కోఠి నుంచి వేరే వంటమనిషిని మాట్లాడుకుందామని అక్కడే అనేసుకున్నారు. ఆమె వెళ్ళిపోతూ తన మురుకుల గొట్టం కూడా తీసుకెళ్ళలేదు, అది కొళాయి దగ్గరే ఉండిపోయింది. నాకు మాత్రం ఆమెదే తప్పని గట్టి నమ్మకం. నాయనమ్మ కూడా ఇంటికి వస్తూ, "నేను ముందే అనుకున్నా. ఆ చూపులేమిటి, ఆ నసుగుడేమిటి" అంది. మా ఇద్దరికీ ఒకే గాలి తగిలింది మరి.

ఇంటికి వచ్చాక నాయనమ్మ మేం కొనుక్కున్న పొట్లం తెమ్మంది. బయట చేసిన వంట ఆవిడ ముట్టదు కాబట్టి అప్పటిదాకా దాన్ని చూడనేలేదు. ఆ పాడు నూనె సంగతేమిటో తేల్చాలని ఒక మురుకు విరిచింది, వాసన చూసింది, పలుకంత నాలుక మీద వేసుకుంది. వెంటనే దగ్గు వచ్చింది. మళ్ళీ వాసన చూసింది. ఆవిడ ముఖం మారిపోవడం నేను చూశాను. లేచి వంటింట్లోకి వెళ్ళి పై అరలోంచి ఊరమిరపకాయల డబ్బా దింపి మూత తీసింది. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఆ మిరపకాయలు మా ఊరి నుంచి వచ్చేవి. మా వీధిలో వాటిని వేయించుకుని తినే ఇల్లు మాదొక్కటే. నాయనమ్మ ఒకసారి డబ్బా దగ్గర, ఒకసారి మురుకు దగ్గర ముక్కు పెట్టి అక్కడే కూలబడింది.

"ఈ ఘాటు మనదేనే" అంది మా అమ్మతో.

"మీరే కదా అత్తయ్యా, వేయించిన నూనె పారబోయడం ఎందుకు, పుణ్యానికైనా పనికొస్తుందన్నారు" అంది అమ్మ, వినపడీ వినపడనట్టు.

పండక్కి వేయించగా మిగిలిన నూనెను ఒక గిన్నెలో పోసి ఉంచుకోవడం అప్పట్లో అన్ని ఇళ్ళలోనూ ఉండేది. పోపుకు కొంచెం కొంచెం వాడేవాళ్ళు, బాగా నల్లబడితే పారబోసేవాళ్ళు. మా గిన్నెలో ఉన్నది గారెలు వేయించి, ఆ తర్వాత రెండు మూడుసార్లు ఊరమిరపకాయలు వేయించిన నూనె. నేను మూత పెట్టి మోసుకెళ్ళింది దాన్నే. ఆ రాత్రి నాయనమ్మ అన్నం తినలేదు. ఊళ్ళో అందరి తూకాలూ సరిచూసిన మనిషికి తన గిన్నె ఎదురుతిరిగింది. ఆవిడను అంత చిన్నగా నేను ఎప్పుడూ చూడలేదు, నాకు ఏడుపు వచ్చింది.

తెల్లవారేసరికి నాయనమ్మ మళ్ళీ నాయనమ్మ అయిపోయింది. "నా అంత అనుమానపు మనిషే ఈ పని చేసిందంటే మిగతావాళ్ళు చెయ్యలేదని నమ్మమంటావా?" అని అమ్మను అడిగింది. చీర కొంగు బిగించుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఒకటే మాట చెప్పింది. ఊరందరికీ మురుకులు పంచాం, మన పిల్లలు మాత్రం నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తున్నారు. ఇవాళ వాళ్ళకోసం ఒక వాయి వేయిద్దాం. మొన్న ఇచ్చిన నూనెలోంచే ఒక్క సీసాడు పంపండి. వెయ్యడానికి రాంనగర్ అమ్మాయే వస్తుంది, నేను పక్కన పీట వేసుకుని కూర్చుంటాను, ఏం దొంగతనం చేస్తుందో చూస్తాను. ఆవిడ కాపలా అంటే వీధిలో ఎవరికీ సందేహం లేదు, అందుకని ఎవరూ కాదనలేదు. గిన్నె కాకుండా సీసా ఎందుకని ఒకావిడ అడిగితే, అందరిదీ సమానంగా ఉండాలి కదమ్మా అంది.

మధ్యాహ్నం దాటేసరికి ఓనరమ్మ వరండా గోడ మీద సీసాలన్నీ వరసగా చేరాయి. ఎండ వాటి మీద పడి బండల మీద పసుపుపచ్చ వెలుగు పరుచుకుంది. ఒక్కదాంట్లోనూ నలుసు లేదు. ఓనరమ్మ పంపిన మనిషి వెంట రాంనగర్ అక్క వచ్చి వాకిలి చివర నిలబడింది. పిల్లలం మురుకుల కోసం ఎదురుచూస్తున్నాం. ఆఫీసరు గారి భార్యతో సహా ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు.

నాయనమ్మ రాంనగర్ అక్కతో, మొన్న వాడగా మిగిలిన నూనె ఉన్న పెద్ద డబ్బా తెమ్మని, అందులోది ఒక ఖాళీ సీసాలో పొయ్యమని చెప్పింది. ఆమె పోసింది. నాయనమ్మ ఆ సీసాను తీసుకెళ్ళి వరస మధ్యలో పెట్టింది. కాఫీ డికాషన్ కంటే నల్లగా ఉంది. దాని పక్కన మా ఇత్తడి గిన్నె పెట్టింది.

"మొన్న నేను ఈ గిన్నెలో పంపింది ఊరమిరపకాయలు వేయించిన నూనె" అంది. "ఇవాళ నా మనవరాలు తింటుందని తెలిసి కొత్త నూనె పంపాను. మడ్డి ఎక్కడిదని నిన్న అడిగారు కదా. అందులో కొంత నాది. మిగతాది ఎవరిదో నాకు తెలియదు." అని పీట మీద కూర్చుంది.

ఎండలో సీసాలు అలా మెరుస్తూనే ఉన్నాయి. మా కోసం ఒక నూనె, దిక్కులేని పిల్లల కోసం ఒక నూనె. అది పిల్లలకు కూడా కనిపించింది. నా పక్కన ఓనరమ్మ కూతురు వాళ్ళ అమ్మ వైపు చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేకేమో, ఓనరమ్మ లేచి, "మాది పకోడీలు చేసిన నూనె పెద్దమ్మా. పిల్లలకు పోయేదే గద, ఏమైతది అనుకున్న" అంది. తర్వాత ఇంకొకావిడ అప్పడాల నూనె అంది. మరొకావిడ మాదీ అంతే అన్నట్టు తల ఊపింది. ఎవరి గిన్నెలో ఉన్నది వాళ్ళకు తెలుసు. పక్కవాళ్ళు మంచిదే ఇచ్చి ఉంటారు, మనది అందులో కలిసిపోతుందిలే అని అందరూ అనుకున్నారు. నిన్న నేల చూపులు ఎందుకు చూశారో నాకప్పుడు తెలిసింది.

ఆఫీసరు గారి భార్య తన గిన్నెలో ఏముందో చెప్పలేదు. లేచి వెళ్ళి వరండాలో ఉన్న వెదురు బుట్టను తనే ఎత్తుకుని, నలగని ఆ చీరకు నూనె మరకలు అంటుతున్నా చూసుకోకుండా వీధి చివర చెత్తకుండీ దాకా మోసుకెళ్ళి వంపేసింది. ఖాళీ బుట్టతో తిరిగొచ్చి రాంనగర్ అక్క ముందు ఆగి, "రేపు పొద్దున్నే రా. బుట్ట మళ్ళీ నింపుదాం. నూనె మా ఇంటి నుంచి వస్తుంది" అంది. క్షమించమనలేదు. రాంనగర్ అక్క కూడా ఆ మాట కోసం ఎదురుచూసినట్టు కనిపించలేదు. కొళాయి దగ్గరికి వెళ్ళి తన మురుకుల గొట్టం కడుక్కుంది.

సాయంత్రం మా నాయనమ్మ ఆమెను మా ఇంటికి పిలిచి పీట వేసి కాఫీ ఇచ్చింది. "అన్ని గిన్నెలూ నువ్వే మూత తీశావు కదా, చెప్పలేకపోయావా?" అని అడిగింది.

"ఎట్ల చెప్పాలె పెద్దమ్మా. చెప్తే పండుగకు నన్నెవరు పిలుస్తరు? చెప్పకుంటే దొంగననిరి" అంది ఆమె. గ్లాసు కింద పెట్టి, "మీరు చెప్పకపోతే నేనైతే నోరు తెరవకపోతుంటి" అంది. నాయనమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. రెండో గ్లాసు కాఫీ పోసింది, అంతకుమించి ఏం చెయ్యాలో ఆవిడకూ తెలిసినట్టు లేదు.

ఆ దీపావళికి రాంనగర్ అక్కను చాలామంది పిలిచారు. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు మాత్రం ఆమె ఎదురుపడితే సందు మారేవాళ్ళు, ఇక ఎప్పుడూ పిలవలేదు. ఆమె తప్పు లేదని తేలాక కూడా ఎందుకు పిలవలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల చదువు మాత్రం ఆగలేదు. సంఘం నియమం కూడా మారింది. గరిటెడైనా సరే, మూత లేకుండా తేవాలి. నాయనమ్మ అనుమానం ఏమాత్రం తగ్గలేదు. కాకపోతే అప్పటి నుంచి పాలవాడి దగ్గరకు వెళ్ళే ముందు వంటింటి అరలోకి ఒకసారి తొంగిచూసి వెళ్ళేది.

ఇప్పుడు నేను అశోక్‌నగర్‌లో మా అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఎవరో పసిపిల్ల ఆపరేషన్ కోసం కింద బల్లలు వేసి కేకులు, బిస్కెట్లు, చాక్లెట్లు అమ్మారు. ప్రతి ఫ్లాట్ నుంచీ ఏదో ఒకటి ఇవ్వమని గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను ముందే కిందికి దిగి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క ప్యాకెట్ వెనక ఉన్న చీమంత అక్షరాలు చదివాను. పామాయిల్, ఏవో నంబర్లతో రంగులు, చక్కెర మీద చక్కెర. ఆకుపచ్చ క్రీము కేకు చేసిన అమ్మాయిని ఆ రంగు ఎక్కడిదని అడిగాను. "మంచి పనికే కదా ఆంటీ" అంది. మా కోడలు నా చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా లాక్కొచ్చింది.

పైకి వచ్చాక మా వంతు సర్దాల్సి వచ్చింది. అరలో ఒక పెద్ద చాక్లెట్ల డబ్బా ఉంది. ఏదో ఫంక్షన్‌లో ఎవరో ఇచ్చింది. మనవరాలికి దగ్గు వస్తుందని, దాని నిండా రంగులేనని నేనే దాన్ని అందకుండా పై అరలో దాచాను. చక్కగా సంచీలో పెట్టేశాను. పెట్టాక నా చెయ్యి ఆగింది. డబ్బా విప్పి ఒక చాక్లెట్ తీసి మనవరాలిని పిలిచాను. అది పరుగెత్తుకొచ్చి నోరు తెరిచి నిలబడింది. కాగితం విప్పాను కానీ నా చెయ్యి దాని నోటి దాకా వెళ్ళలేదు.

డబ్బాను సంచీలోంచి తీసేశాను. నువ్వులు వేయించి, బెల్లం పాకం పట్టి, చేతులు కాలుతుంటే ఉండలు చుట్టాను. మొదటి ఉండ మనవరాలికి పెట్టాను. అది నమిలి మింగి ఇంకొకటి అడిగాక, మిగతావి సంచీలో వేసి కిందికి తీసుకెళ్ళాను. లిఫ్టులో పక్క ఫ్లాటావిడ సంచీలోకి తొంగిచూసింది. చూడమ్మా అని మూతి ఇంకొంచెం తెరిచి పట్టుకున్నాను.